సెంటర్ హాఫ్ చోటు

నా ఎడమ పాదం నేలని ముందు ఒకసారి చరిచి, ఆ తరవాత ఆనుతుంది. స్కూలు వరండాలో నేను వస్తున్న సంగతి పిల్లలకి ఆ చప్పుడుతోనే తెలిసిపోతుంది. గోల చేస్తున్నవాళ్లు సర్దుకుని బుద్ధిమంతుల్లా కూర్చోడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. పంతులుకి ఇంతకన్నా పెద్ద లోపం ఉండదని మా హెడ్మాస్టరుగారు వేళాకోళం చేస్తుంటారు. నేనూ నవ్వుతాను.

ఈ మధ్య ఒక తండ్రి స్కూలుకి వచ్చాడు. ఆటలో దెబ్బ తగిలిన కొడుక్కి కట్టు వేయించాననీ, నొప్పి పూర్తిగా పోయిందనీ, ఇప్పుడు పాదం గిల్లినా వాడికి తెలియడం లేదనీ ఎంతో సంతోషంగా చెప్పాడు. నేను ఆ మాట పూర్తి కానివ్వకుండా రిక్షా పిలిపించి పిల్లాణ్ణి ఆసుపత్రికి పంపించాను. ఆయనకి కోపం వచ్చింది. తగ్గిన నొప్పికి ఆసుపత్రి ఏమిటని నిలదీశాడు. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. ఇది కాలు గురించి మాత్రమే కాదు. నేను మంచం పట్టాక మా ఫుట్‌బాల్ టీము ఏమైపోయిందో చెప్పకపోతే నా జబ్బు సంగతి సగమే చెప్పినట్టవుతుంది.

1979 నవంబరు

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. టీచరు ట్రైనింగు పూర్తయింది, ఉద్యోగం మాత్రం రాలేదు. మా పేట అమలాపురానికి సైకిలు మీద వెళ్లిరాగల దూరంలో, కాలవ గట్టున ఉంటుంది. మా తాతలందరూ రైతుల దగ్గర పాలేళ్లు. మిషను స్కూలు వచ్చాక మాకు చదువొచ్చింది, దానితోపాటు ఫుట్‌బాలూ వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ కబడ్డీ, వాలీబాల్ ఆడుతుంటే మా పేట కుర్రాళ్లకి మాత్రం ఫుట్‌బాల్ తప్ప ఇంకోటి పట్టేది కాదు. టీముని దేవసహాయం మాస్టారు నడిపేవారు. మిషను స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు, మా చర్చిలో సంఘపెద్ద కూడా ఆయనే. రెండు పనుల్లోనూ ఒకే గొంతు, ఒకే విజిలు అన్నట్టుండేది.

నేను సెంటర్ హాఫ్‌ని. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ముందు ఆడేవాళ్లకీ, వెనక కాచేవాళ్లకీ మధ్య, గ్రౌండు నడుమ నిలబడేవాడు సెంటర్ హాఫ్. గోలు కొట్టే పేరూ అతనికి రాదు, ఆపే పేరూ రాదు. భుజాల మీదికి ఎవరూ ఎత్తుకోరు. కానీ బంతి ఎటు పోవాలన్నా అతని దగ్గరనుంచే పోవాలి. నాకు ఆ చోటంటే ప్రాణం. ఇంట్లో నేను పనీపాటా లేనివాణ్ణి, పేటలో ఫలానావారి అబ్బాయిని. ఆ నడుమ నిలబడ్డప్పుడు మాత్రం నాకు నేను ఒక మనిషిననిపించేది. అంతకుముందు ఏడాది ఆరు పేటల పోటీల్లో మాది మొదటి స్థానం.

ఆ నెలలో ఒక శనివారం, వాన వెలిసిన గ్రౌండులో, తలమీదికి వస్తున్న బంతి కోసం ఎగిరాను. అవతలి టీమువాడూ ఎగిరాడు. ఇద్దరం ఒకేసారి కిందికి వచ్చాం, అతను నా మోకాలిమీద పడ్డాడు. పచ్చి కొబ్బరిమట్ట విరిచిన చప్పుడు వినిపించింది. లేచి నిలబడదామని చూశాను. ఒళ్లంతా లేచింది కానీ ఆ కాలు మాత్రం రాలేదు.

ఇంటికి తెచ్చాక నాన్న ఆసుపత్రి అన్నాడు, అమ్మ నాటు కట్టు అంది. అమ్మ భయం అమ్మకుంది. ఆసుపత్రికి వెళ్లిన మా మేనమామకి కాలు తీసేశారు. కట్టు వేయించుకున్నవాళ్లు కుంటుకుంటూ అయినా తమ కాళ్లమీదే తిరిగొచ్చారు. నాన్న ఇంక వాదించలేదు. మా ఇంట్లో ఒంటికి సంబంధించిన మాట అమ్మదే. కట్టు వేసే ఆయన మంచివాడు. చేతులు కడుక్కుని, నా కాలు ముట్టుకునేముందు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. గుడ్డుసొనా మినప్పిండీ కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి, పాత పంచె చింపి బిగించాడు. మరీ బిగువుగా ఉందన్నాను.

“బిగువుంటేనేనండీ అతుక్కునేది. రెండ్రోజులు ఓర్చుకోండి,” అన్నాడు.

ఓర్చుకున్నాను. పళ్లు బిగబట్టుకుని, దుప్పటి కొస నోట్లో కుక్కుకుని ఓర్చుకున్నాను. తరవాత నొప్పి తగ్గింది. తరవాత పూర్తిగా పోయింది. అమ్మ నా బొటనవేలు నొక్కి ఎలా ఉందని అడిగితే, ఏమీ లేదన్నాను. నిజంగానే ఏమీ లేదు. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ ఆదివారం చర్చిలో నా కాలు కోసం కృతజ్ఞతా ప్రార్థన చేశారు. చచ్చిపోతున్న పాదం కోసం అందరూ మోకాళ్ల మీద కూర్చుని దేవుడికి వందనాలు చెప్పారు. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నొప్పి లేకపోతే నయమవుతోందనే కదా ఎవరైనా అనుకునేది. మంచంలో పడుకుని, చర్చిలోంచి వినిపిస్తున్న ఆ ప్రార్థన వింటూ నేను కూడా ఆమెన్ అన్నాను.

డిసెంబరు

కట్టు విప్పిన రోజు పాదం తడిసిన బట్టలా కిందికి వేలాడింది. పైకెత్తమన్నారు. ఎత్తుతున్నాననే అనుకున్నాను. చూస్తే అది కదల్లేదు. కట్టు వేసినాయన ముఖం పాలిపోయింది, పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని తనే అన్నాడు. నాన్న అమ్మవైపు చూసి, బైటికి వెళ్లి, దండెం మీది తన చొక్కా తీసి తొడుక్కున్నాడు. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆ రోజునుంచి ఫిబ్రవరి దాకా వాళ్లిద్దరూ నా మంచం పక్కన నాతోనే మాట్లాడేవారు, ఒకరితో ఒకరు కాదు. అన్నం వడ్డించానని చెప్పమని అమ్మ నాతో చెప్పేది. అడుగు దూరంలో కూర్చున్న మనిషికి నేను ఆ మాట అందించేవాణ్ణి.

కాకినాడ వెళ్లడానికి ముక్తేశ్వరం రేవులో పడవ ఎక్కి కోటిపల్లిలో దిగాలి. నాకు తోడు నాన్న, టీములోంచి నూకరాజు వచ్చారు. నూకరాజుది ఉప్పలగుప్తం అవతల, సముద్రం వైపు ఊరు. చేపలు పట్టే కుటుంబం. మా పేటవాడూ కాదు, మా చర్చివాడూ కాదు. అతని ఆట చూసి మాస్టారే తీసుకొచ్చారు, ఎవరికైనా బాగాలేకపోతే బదులు ఆడేవాడు. కోటిపల్లి వైపు నీళ్లు చాలక పడవ గట్టుకి దూరంగానే ఆగింది. ఎలా దిగాలా అని నాన్న చూస్తుండగానే నూకరాజు నీళ్లలోకి దిగి వీపు చూపించాడు. ఆ ఇసకలో నన్ను మోసుకుని బస్సు దాకా నడిచాడు. మధ్యలో దింపమన్నాను. తడి వలకన్నా బరువులేవులే అన్నాడు. అతని మెడకి చుట్టుకుని ఉన్న నాకు సిగ్గు వెయ్యలేదు, కృతజ్ఞత కూడా కలగలేదు. అప్పటికే నాకు లోపల ఏదో మొద్దుబారడం మొదలైంది.

ఆసుపత్రి వరండాలో వంతు కోసం కూర్చోవడం తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కెరియర్లు, చెంబులు, చాపలు, గోడకి ఆనించిన చంకకర్రలు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరి తలలూ అటు తిరిగేవి. కె.గంగవరం నుంచి కోడల్ని తీసుకొచ్చిన ఒక ముసలామె నా కాలి కింద తన బట్టల మూట పెట్టింది. బట్టలు నలిగిపోతాయన్నాను. నలగడానికే కదా నాయనా ఉన్నవి అంది. ఆమె పేరు అడగలేదు. సాయంత్రం వెళ్లిపోయేటప్పుడు మూట తీసుకోవాల్సి వచ్చి, దాని బదులు నాన్న కండువా మడిచి అక్కడ పెట్టి మరీ వెళ్లింది.

డాక్టరుగారు నా పాదాన్ని సూదితో గుచ్చుతూ తెలుస్తోందా అని అడిగారు. చూస్తున్నాను కాబట్టి తెలుస్తోంది, కళ్లు మూసుకుంటే తెలియడం లేదు. నొప్పి తగ్గిపోయిందండీ అని నాన్న చెప్పబోయాడు.

“తగ్గలేదండీ. తెలియడం మానేసింది,” అన్నారాయన.

మోకాలి పక్కనుంచి పాదానికి పోయే నరం నలిగిపోయిందనీ, తిరిగి వస్తే నెమ్మదిగా నెలల మీద వస్తుందనీ, రాకపోతే రాదనీ చెప్పారు. ఆయన గొంతులో జాలి లేదు, విసుగూ లేదు. ఆ గొంతు నాకు హాయిగా అనిపించింది. ఫుట్‌బాల్ ఆడొచ్చా అని నూకరాజు అడిగాడు. ముందు నడవనివ్వండి అన్నారు. కాలికి పిండికట్టు వేసి పంపించారు.

ఇది చదివేవాళ్లకి ఒక్క మాట. దెబ్బ తగిలిన చోట నొప్పి ఉంటే భయపడండి. నొప్పి అకస్మాత్తుగా పోయి, చర్మం మీద చెయ్యి వేసినా తెలియకపోతే ఇంకా ఎక్కువ భయపడండి. వెంటనే బిగువు వదులు చేయించి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాకు చెప్పేవాళ్లు లేకపోయారు.

1980 జనవరి, ఫిబ్రవరి

ఇక్కడ మా చర్చి పద్ధతి ఒకటి చెప్పాలి. మా చర్చిలో కుర్చీలుండవు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. ఎవరి చోటు వాళ్లకి ఏళ్ల తరబడి ఖాయం. ఎవరైనా మంచం పడితే వాళ్ల చోటులో ఇంకొకరు కూర్చోరు. ఇంటివాళ్లు వచ్చి అక్కడ ఒక కండువా మడిచి పెడతారు. మనిషి లేచి వచ్చి, కండువా తీసి, తనే కూర్చోవాలి. వేరేవాళ్లు కూర్చుంటే, ఇతనింక లేవడని సంఘమంతా ఒప్పుకున్నట్టు లెక్క. ఆ చోటు ఇవ్వాల్సి వస్తే మంచంలో ఉన్నవాడే తన నోటితో ఇవ్వాలి. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు. పాలేళ్లుగా బతికిన మనుషులకి ఎవరూ తీసుకోలేని చోటు ఒకటి కావలసి వచ్చి పెట్టుకున్నారేమో.

పోటీలు మొదలయ్యే ముందు అమ్మ మాస్టారి ఇంటికి వెళ్లింది. ఆ సంగతి సత్యానందం నాకు చెప్పాడు. వాడు నా చిన్ననాటి స్నేహితుడు, టీములో లెఫ్ట్ హాఫ్, అంటే నా ఎడమపక్కనే ఆడేవాడు. వాడు అక్కడే ఉన్నాడట.

“వాడి చోటులో ఎవర్నీ నిలబెట్టకండి మాస్టారండీ,” అందట అమ్మ.

“ఆయ్. అలాగేనమ్మా,” అన్నారట మాస్టారు.

చెబితే నవ్వుతారు కానీ, మా టీము అలాగే ఆడింది. నా బదులు నూకరాజుని తీసుకున్నారు, కానీ ముందు వరసలో ఆడించారు. గ్రౌండు నడుమ ఎవరూ నిలబడలేదు. నా అయిదో నంబరు చొక్కా మడిచి గీత పక్కన చాప మీద పెట్టారు. పేటలో ఒక్కళ్లు కూడా ఇదేం పిచ్చి అనలేదు. ఆ సంగతి విన్నప్పుడు నాకు ఊరట కలిగింది. ఒళ్లూ మనసూ కొయ్యబారిపోయిన ఆ రోజుల్లో నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి అది. నా చోటు అలాగే ఉంది. పాదం వస్తుందా రాదా అని భయపడే ఓపిక కూడా నాకు లేదు కానీ, ఆ చోటు పోతుందేమోనని మాత్రం భయపడేవాణ్ణి.

మొదటి మ్యాచ్ ఓడిపోయారు. ఆట అవగానే బురద చొక్కాలతోనే అందరూ మా ఇంటికి వచ్చి, నా మంచం చుట్టూ చాపల మీద కూర్చున్నారు. అమ్మ పెద్ద గిన్నెతో టీ కాచింది. ఒక్కొక్క గోలూ ఎలా పడిందో చేతులు తిప్పుతూ చెప్పారు. నువ్వుంటేనా అన్నారు. ఆ మాట దగ్గర అందరూ తలలూపారు. రెండో మ్యాచ్ ఓడిపోయారు. మళ్లీ వచ్చారు, మళ్లీ టీ, మళ్లీ నువ్వుంటేనా.

ఒక మనిషి పడిపోతే టీముకి ఒక మనిషే తగ్గుతాడనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. వాళ్ల కబుర్లు వింటుంటే అలా కాదని మెల్లిగా తెలిసింది. నడుమ ఖాళీ కాబట్టి సత్యానందం తన పరుగుతోపాటు నా పరుగు కూడా పరిగెత్తాడు. రెండో మ్యాచ్‌లో వాడి చీలమండ బెణికింది. వాడు కుంటితే వాడి వెనక ఆడేవాడు ముందుకు రావాల్సి వచ్చింది, అతను ముందుకొస్తే గోలు దగ్గర తెరిపి అయింది, గోల్‌కీపరు దూకరాని చోటుకి దూకి వేళ్లు విరగ్గొట్టుకున్నాడు. ముందు వరసవాళ్లకి బంతి అందక వాళ్లే వెనక్కి వచ్చి తన్నుకునేవారు, ఒకరినొకరు తిట్టుకునేవారు. నా మోకాలిమీద పడిన దెబ్బ అలా ఒక్కొక్కరి ఒంట్లోకీ పాకింది. అందరూ నా మంచం చుట్టూ కట్లతో కూర్చునేవారు. చూస్తే ఆసుపత్రి వరండాలా ఉండేది.

ఇంత చెబుతున్నాను కానీ అప్పుడు నాకు ఏమీ అనిపించేది కాదు. ఓడిపోయామన్నా, బైట ఎండ కాస్తోందన్నా ఒకటే. సత్యానందం ఒకసారి చెబుతూ చెబుతూ ఏడ్చాడు. వాడి ముక్కు ఎర్రబడడం చూస్తూ కూర్చున్నాను. ఓదార్చాలని తెలుసు. మాట పెదవుల దాకా రాలేదు. నీకేం పట్టదేంట్రా అని వాడికి కోపం రావాలి. రాలేదు. పాపం, నా కాలు నొప్పిగా ఉందనుకున్నాడు.

ఫిబ్రవరిలో పిండికట్టు తీశారు. కాలు సన్నబడి, ఎవరిదో కాలు తెచ్చి నాకు అతికించినట్టుంది. కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచాను. పాదం నేలని చరిచింది. నాన్న ఆ చప్పుడు విని లోపలినుంచి వచ్చాడు. అమ్మ వైపు తిరిగి, వీడికి వేడినీళ్లు పెట్టు అన్నాడు. ఎన్నో వారాల తరవాత ఆయన అమ్మతో నేరుగా అన్న మొదటి మాట అది. అమ్మ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బైటికి రాలేదు.

మార్చి

ఆరు టీముల్లో మాది అట్టడుగు. అడుగున మిగిలిన టీముని వచ్చే ఏడాది పోటీలకి పిలవరు. ఇంక రెండు మ్యాచ్‌లే ఉన్నాయి, ఒక్కటన్నా గెలవాలి. గెలవకపోతే మా టీము సంగతి అంతటితో సరి. మొదటిదానికి సత్యానందం నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. దెబ్బ తగిలాక నేను ఆట చూడడం అదే మొదలు.

విన్నదానికీ చూసినదానికీ తేడా ఉంది. గ్రౌండు నడుమ, గడ్డి అరిగిపోయిన ఆ మేర, ఉత్తిగా ఉంది. అవతలి టీమువాళ్లు బంతి అందుకోగానే తలెత్తి కూడా చూడకుండా అటే తన్నేవారు. తెరిచిన గుమ్మంలోంచి వెళ్లినట్టు వెళ్లిపోయేవారు. వాళ్లలో ఒకడు నవ్వుతూ అక్కడే ఆగి చొక్కా సర్దుకున్నాడు. సత్యానందం కాలికి గుడ్డ చుట్టుకుని, కుంటుతూ, రెండు పక్కలకీ పరిగెడుతున్నాడు. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది నూకరాజు ఆట. బంతి పోతుంటే ముందు వరసలోంచి వెనక్కి దూసుకొచ్చేవాడు. ఇంకో నాలుగు అంగలు వేస్తే అందుకునేవాడే. ఆ ఖాళీ అంచు దాకా వచ్చి, ఎవరో పరాయివాళ్ల గడప ముందు ఆగినట్టు ఆగిపోయేవాడు. బంతి వెళ్లిపోయేది. అతను నా మడిచిన చొక్కా వైపు ఒకసారి చూసి, తిరిగి ముందుకు వెళ్లిపోయేవాడు.

ఆ మ్యాచ్ కూడా పోయింది. ఆట అయ్యాక మాస్టారి దగ్గరికి కర్ర పొడుచుకుంటూ వెళ్లి, నడుమ నూకరాజుని పెట్టండన్నాను. ఆయన విజిలు జేబులో వేసుకున్నారు. ఆయనకి ఆటంటే తెలియక కాదు. పిల్లలకి ముప్పై ఏళ్లు నేర్పినాయన.

“మీ అమ్మగారికి మాటిచ్చేనయ్యా. నువ్వు ఆవిడికి చెప్పి, చొక్కా నీ చేత్తో ఇవ్వాలి. నేను తియ్యను,” అన్నారు.

ఇంటికి వచ్చాక పెరట్లో పిడకలు సర్దుతున్న అమ్మకి ఆ మాట చెప్పాను. వింటున్నట్టు కనిపించలేదు. అన్ని పిడకలూ ఒకదానిమీద ఒకటి పేర్చి, చేతులు దులుపుకుని నిలబడింది.

“నీ కాలు పోగొట్టింది నేను. ఆ చోటన్నా ఉంచుదావని చూసేనురా,” అంది.

అమ్మ అంత స్పష్టంగా ఆ మాట అంతకుముందు అనలేదు. నాకు జాలి కలగవలసిన సమయం అది. నేను మామూలుగా, వార్త చెబుతున్నట్టు చెప్పాను, నేను లేవనేమోనని కదా నీ భయం, లేచాను, నడుస్తున్నాను, ఆ నడుమ నిలబడే కాలు మాత్రం ఇది కాదు అని. అమ్మ నా పాదం వైపు చూసింది.

“అయితే ఇచ్చేయ్,” అంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు నూకరాజుని పిలిపించి చొక్కా ఇచ్చాను. అందుకోవడానికి చేతులు చాచలేదు. పేటవాళ్లు ఏమనుకుంటారో అన్నాడు. నేను ఇస్తున్నాను కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరని చెప్పాను. నువ్వు బాగా లేచాక మళ్లీ తీసేసుకోవాలి అని నా చేత మాట తీసుకున్నాకే అందుకున్నాడు. నేను చాలా తేలిగ్గా మాట ఇచ్చాను. చొక్కా చేతులు మారుతున్నప్పుడు కూడా, కూరగాయల సంచీ అందిస్తున్నట్టే ఉంది నాకు.

ఆఖరి మ్యాచ్ అమలాపురంలో, రాజోలు వైపునుంచి వచ్చిన టీముతో. సత్యానందం సైకిలు తెచ్చాడు. కాలు లాగుతోందని చెప్పి నేను వెళ్లలేదు. కాలు లాగడం లేదు. అరుగు మీద కూర్చుని కాలవ చూస్తూ ఉన్నాను. ఏమీ ఆలోచించలేదు. పడవలో కొబ్బరికాయలు వెళ్లాయి. ఆవలి గట్టున ఎవరో గేదెని కడిగారు. పొద్దు వాలుతుండగా అమ్మ రోజూలాగే, అంటే ప్రతి మ్యాచ్ రోజులాగే, పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. నా పక్కన చాపలు పరిచింది.

మసక వెలుతురులో కాలవ అవతలి గట్టు మీద సైకిలు బెల్లులు వినిపించాయి. అన్నీ ఒకేసారి, ఆపకుండా. కేకలు. మా టీమే. ముందు సైకిలు మీద, సీటు ముందు కడ్డీ మీద నూకరాజుని కూర్చోబెట్టుకుని తొక్కుతున్నారు. అందరూ అతని ఊరి వైపు వెళుతున్నారు. అక్కడ వాళ్లకి ఆ రాత్రి చేపల కూరతో భోజనాలు పెట్టారని తరవాత తెలిసింది. సత్యానందం నన్ను చూసి, సైకిలు మీదే ఒక చెయ్యి ఎత్తాడు.

“గెలిచేం రా ప్రకాశం,” అని కాలవ మీదనుంచి కేక వేశాడు.

నేనూ చెయ్యి ఎత్తాను. వాళ్లు ఆగలేదు. ఆగడానికి కారణం కూడా లేదు. బెల్లులు వంపు దాకా వినిపించి ఆగిపోయాయి. నేను ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయినట్టున్నాను, అమ్మ వచ్చి దాన్ని పట్టుకుని కిందికి దించింది.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. కట్టు బిగించినప్పుడు రాలేదు, సూది గుచ్చినప్పుడు రాలేదు, అమ్మ పెరట్లో ఆ మాట అన్నప్పుడు రాలేదు. వాళ్లు గెలిచారని నాకు సంతోషం. నిజంగానే సంతోషం, నెలల తరవాత నాకు కలిగిన మొదటి సంతోషం. దానితోపాటే, దాని వెనకాలే, నేను లేకుండా గెలిచారన్న బాధ వచ్చింది. రెండూ కలిసే వచ్చాయి. ముక్కు కారుతూ, చిన్నపిల్లాడిలా, ఊపిరి అందకుండా ఏడ్చాను. నాన్న లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“నొప్పేంట్రా?” అంది అమ్మ.

“ఆయ్,” అన్నాను.

ఎక్కడ అని అడగలేదు. పరిచి ఉన్న చాప మీద నాన్న ఒక పక్కన కూర్చున్నాడు. అమ్మ లోపలికి వెళ్లి, అంతమంది కోసం కాచిన టీలోంచి మూడు గ్లాసుల్లో పోసి తెచ్చి, మా ఇద్దరి మధ్య కూర్చుంది.